ఏ మాత్ర తీసేద్దాం?

ఫ్యామిలీ డాక్టరు: డాక్టర్ గారూ, ఈ మందుల సంచీ ఒకసారి చూడండి. మనిద్దరి పేషెంటే. 78 ఏళ్ళ మనిషి. ఇరవై ఏళ్ళుగా షుగరు, అంతకంటే పాత బీపీ, మీరు వేసిన స్టెంట్, క్రియాటినిన్ 1.6, అరిగిపోయిన మోకాళ్ళు, నిద్ర పట్టకపోవడం. నాలుగు చీటీలున్నాయి. ఒకటి మీది, మిగతావి షుగర్ డాక్టరు, కిడ్నీ డాక్టరు, ఎముకల డాక్టరు రాసినవి. ఏ చీటీకి ఆ చీటీ చూస్తే నేను తప్పు పట్టేదేమీ లేదు. నాలుగూ కలిపితే రోజుకు పదిహేను మాత్రలు. మందుల షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు కదా, పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది. ఆమెకు పేర్లు తెలియవు. తెల్ల గుండ్రటిది పొద్దున, పొడుగుది టిఫిను తిన్నాక, ఎర్రది రాత్రి, అంతే లెక్క. పోయిన నెల షాపువాడు వేరే కంపెనీది ఇచ్చాడు. తెల్లది కాస్తా పచ్చగా వచ్చింది. కొత్త మందు కాబోలు అనుకుని, డబ్బాలో మిగిలిన తెల్లదీ వేసుకుంది, పచ్చదీ వేసుకుంది. రెండూ గ్లిమెపిరైడే. ఇలాంటి మనిషికి ముందు చేయాల్సిన వైద్యం కొన్ని మాత్రలు తీసేయడమే అంటాను.

గుండె డాక్టరు: తీసేద్దాం అనడం తేలిక మేడమ్. ఏది తీద్దామో చెప్పండి. స్టెంట్ ఉన్న మనిషికి ఆస్పిరిన్ ఆపలేం. కొలెస్ట్రాల్ మాత్ర ఆపితే మళ్ళీ గుండెపోటు భయం. బీపీ మాత్ర ఆపితే పక్షవాతం. ఈ సంచీలోకి ఏ మాత్రా ఊరికే వచ్చి చేరలేదు. ఒక్కోదాని వెనక వేలమంది మీద జరిగిన పరీక్షలున్నాయి. అర్ధరాత్రి నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు మీకు కనిపించరు. ఇంటికొచ్చిన చుట్టం ఎవరో, ‘ఇన్ని మందులెందుకు వదినా, ఒళ్ళు వేడి చేస్తుంది’ అంటారు. ఈవిడ మానేస్తుంది. కొన్ని వారాలకు ఛాతీ పట్టుకుని వస్తుంది. నేను నాళం తెరిచేసరికే గుండె కండరం కొంత చచ్చిపోయి ఉంటుంది. అది మళ్ళీ రాదు.

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి. 80 దాటినవాళ్ళకు బీపీ తగ్గిస్తే మెదడుకు రక్తం అందదేమో అని ఒకప్పుడు డాక్టర్లే వెనకాడేవారు. 2008లో హైవెట్ పరీక్ష ఫలితాలొచ్చాయి. అందులో 80 దాటినవాళ్ళు 3,845 మంది. ఇండపమైడ్ అనే చవక మాత్ర, చాలకపోతే తోడుగా ఇంకొకటి. మందు వేసుకున్నవాళ్ళలో మరణాలు 21 శాతం తగ్గాయి. గుండె వైఫల్యం 64 శాతం తగ్గింది. అంతకు ముందు ‘వయసైపోయిందిలే’ అని వదిలేసిన వాళ్ళ సంగతేమిటి మేడమ్? మాత్రలు తగ్గించాలి అన్న మాట వినగానే నాకు ఆ పాత మాటే కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టు అనిపిస్తుంది.

ఫ్యామిలీ డాక్టరు: హైవెట్‌ను నేనూ కాదనను. నా దగ్గరికొచ్చే 85 ఏళ్ళవాళ్ళకు బీపీ మందు రాస్తున్నది దాన్ని నమ్మే. కానీ ఆ పరీక్షలో చేరినవాళ్ళు తమ ఈడువాళ్ళకంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. పెట్టుకున్న లక్ష్యం 150/80. మీ చీటీ మీద 130/80 అని ఉంది. ఆ మధ్యనున్న ఇరవై పాయింట్ల గురించే నా గొడవ. ఆ ఇరవై పాయింట్ల కోసం ఈమెకు ఇంకో రెండు మాత్రలు పడ్డాయి.

గుండె డాక్టరు: ఆ ఇరవై పాయింట్లకూ ఆధారం ఉంది. 2015లో స్ప్రింట్ వచ్చింది. పైబీపీని 140 దగ్గర ఆపితే మేలా, 120 దాకా దించితే మేలా అని చూశారు. దించినవాళ్ళలో గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. 75 దాటినవాళ్ళు 2,636 మందిని విడిగా లెక్కగట్టినా అదే ఫలితం. వాళ్ళలో బలహీనంగా ఉన్నవాళ్ళకు కూడా మేలే జరిగింది.

ఫ్యామిలీ డాక్టరు: ఆ స్ప్రింట్‌లో షుగరున్న వాళ్ళను చేర్చుకోలేదు. అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళను చేర్చుకోలేదు. నర్సింగ్ హోముల్లో ఉండే వృద్ధులను చేర్చుకోలేదు. ఈమెకు ఇరవై ఏళ్ళ షుగరు. గడప దగ్గరే ఈమెను ఆపేసి, లోపల తేలిన లెక్క మాత్రం ఈమె చీటీ మీద రాస్తున్నాం.

బీపీ చూసిన పద్ధతి కూడా చెప్పాలి. అక్కడ ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, మిషన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు. మన ఓపీలో ఈమె బస్సు దిగి, మెట్లెక్కి, గంటన్నర నిలబడి, కుర్చీలో కూలబడగానే పట్టీ చుడతారు. చొక్కా చేతుల మీదే చుట్టేవాళ్ళూ ఉన్నారు. అక్కడి 120, మన ఓపీ 120 ఒకటి కావు. ఓపీలో 120 కనబడిందంటే ఇంట్లో ఆమె 105లో తిరుగుతుందేమో. మనం చూశామా?

గుండె డాక్టరు: కొలత మాట ఒప్పుకుంటున్నాను. నిలబెట్టి కూడా చూడాలి, నేను అందరికీ చూడలేకపోతున్నాను. కానీ ‘ఈమె లాంటివాళ్ళ మీద పరీక్ష జరగలేదు’ అన్నది మందు ఆపడానికి ఆధారం ఎలా అవుతుంది? ఆపితే మేలని ఈమె లాంటివాళ్ళ మీద తేలిందా? ఇంగ్లండులో చేసిన ఆప్టిమైజ్ అనే పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. 80 దాటిన 569 మంది. సగం మందికి ఒక బీపీ మాత్ర తీసేశారు. 12 వారాల తర్వాత 150 లోపల ఉన్నవాళ్ళు తీసిన గుంపులో 86.4 శాతం, తీయని గుంపులో 87.7 శాతం. బాగానే ఉంది. అయితే 12 వారాల్లో పక్షవాతాల లెక్క తేలదు. ఫ్రాన్సులో 75వ ఏట కొలెస్ట్రాల్ మాత్ర ఆపినవాళ్ళను కొన్నేళ్ళు వెంబడించి 2019లో చెప్పారు. గుండె, రక్తనాళాల జబ్బులతో ఆసుపత్రిలో చేరే ప్రమాదం 33 శాతం ఎక్కువగా కనిపించింది. అంతకు ముందు గుండె జబ్బు లేనివాళ్ళ లెక్క అది. స్టెంట్ ఉన్నవాళ్ళ మాట ఏమిటో ఊహించండి.

ఫ్యామిలీ డాక్టరు: ఆ ఫ్రెంచి లెక్కలో ఆపేవాళ్ళనూ ఆపనివాళ్ళనూ లాటరీ వేసి విడదీయలేదు. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు? క్షీణించిపోతున్నవాళ్ళే ముందు మాత్రలు ఆపుతారు. జబ్బు ముదిరి ఆపారా, ఆపబట్టి ముదిరిందా, తెలియదు. స్టెంట్ ఉన్న ఈమెకు నేను ఆస్పిరిన్ తీయమనను, కొలెస్ట్రాల్ మాత్ర తీయమనను. ఆమె పక్కింటాయన సంగతి వేరు. 80 ఏళ్ళు, గుండెకు ఏమీ లేదు, ఎవరో ఎప్పుడో రాసిన ఎకోస్ప్రిన్ పదేళ్ళుగా వేసుకుంటున్నాడు. 2018లో ఆస్ప్రీ పరీక్ష ఫలితాలు వచ్చాయి. అందులో 19,114 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను చూశారు. ఆస్పిరిన్‌తో గుండెకు ఒరిగింది లేదు, రక్తస్రావాలు పెరిగాయి.

గుండె డాక్టరు: ఆయనకు ఇవాళే ఆపేయండి. నా అభ్యంతరం ఏమీ లేదు.

ఫ్యామిలీ డాక్టరు: సరే. ఇప్పుడు ఈమె సంచీకే వద్దాం. దీన్ని చివరి నుంచి మొదటికి విప్పుకుంటూ వెళ్ళాను. రాత్రి అల్ప్రాజోలం ఎందుకు? నిద్ర పట్టక. నిద్ర ఎందుకు పట్టదు? రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేవాలి. ఎందుకు లేవాలి? నీరు తీసే మాత్ర సాయంత్రం వేసుకుంటోంది. ఆ మాత్ర ఎందుకు? కాళ్ళు వాచాయని. కాళ్ళు ఎందుకు వాచాయి? అమ్లోడిపిన్ వల్ల. ఆ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు, చిన్న నాళాల్లోంచి ఊరి పాదాల్లో దిగింది. నీటి మాత్రతో అది పెద్దగా తగ్గదని మీకు నేను చెప్పనక్కర్లేదు. అమ్లోడిపిన్ రాసింది ఒకరు, వాపు చూసింది ఇంకొకరు, నిద్ర మాత్ర రాసింది మూడో మనిషి. మందు తెచ్చిన బాధను కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాయడం గురించి రోషన్, గుర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1997లోనే హెచ్చరించారు.

ఇంకో గొలుసు కూడా ఉంది. ఆమె పదిహేనేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది, పదేళ్ళుగా గ్యాస్ మాత్ర. రెండూ బీ12ను తగ్గిస్తాయి. ఆమె శాకాహారి. అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు. షుగర్ తిమ్మిర్లేనని ప్రీగాబాలిన్ రాశారు. దానితో కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళ వాపు ఇంకా పెరిగింది. బీ12 ఎవరూ చూడలేదు. నేను చూస్తే అడుగంటి ఉంది. ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టాను. అంటే నేనూ ఒక మందు కలిపినదాన్నే. మందులంటే నాకు పగ లేదు డాక్టర్ గారూ. ఏది దేనికోసం మొదలైందో అడిగేవాళ్ళు లేకపోవడమే నా బాధ.

గుండె డాక్టరు: అమ్లోడిపిన్ రాసింది నేనే. వాపు సంగతి నాకు చెప్పి ఉంటే మార్చేవాణ్ణి. ఆమె నా దగ్గరికి ఆరు నెలలకోసారి వస్తుంది, ఈలోగా కాళ్ళు వాస్తే దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. ఈ గొలుసు తెంపాల్సిందే, వాదన లేదు. అయితే ఇది మాత్రలు ఎక్కువైన సమస్య అని మీరంటున్నారు. తప్పు మాత్రలు చేరిన సమస్య అని నేనంటాను. రెంటికీ చాలా తేడా ఉంది. లెక్క తగ్గించడమే గురి అయితే అవసరమైనవీ పోతాయి.

అసలు అన్నిటికంటే ప్రమాదమైన మందు ఈ నాలుగు చీటీల్లోనూ లేదు. అడిగితే బయటపడుతుంది. మోకాళ్ళ నొప్పికి షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. వీధి చివర ఆర్‌ఎంపీ పొడిచే సూది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీరు తీసే మందు, వాటి మీద ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఎండాకాలంలో రెండు రోజుల విరేచనాలు పట్టుకుంటే చాలు, మనిషి డయాలసిస్ దాకా వెళ్తుంది. మీరు నా అమ్లోడిపిన్‌ను పట్టుకుని అడుగుతున్నారు. ఆ డైక్లోఫెనాక్‌ను అడగండి.

ఫ్యామిలీ డాక్టరు: అడిగాను. ఆమె ఏమందో తెలుసా? ‘అమ్మా, మీరిచ్చిన వాటన్నిట్లోకీ నాకు పనిచేసేది అదొక్కటే’ అంది. ఆలోచించండి. ఆమె నడవలేక వచ్చింది. మనం నలుగురం కలిసి ఆమె హెచ్‌బీఏ1సీ దించాం, ఎల్‌డీఎల్ దించాం, బీపీ దించాం. మోకాలు నొప్పి మాత్రం అలాగే ఉంది. ఎముకల డాక్టరు ఆపరేషన్ అన్నారు, మీరు గుండెకు రిస్కన్నారు, కిడ్నీ డాక్టరు నొప్పి మాత్రలు వద్దన్నారు. చివరికి అన్నిటికీ వద్దనే తేలింది. మరి ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు. పారాసిటమాల్ ఎంత మోతాదులో, ఏ వేళకు వేసుకోవాలో, తొడ కండరాలకు ఏ వ్యాయామం చేయాలో, నేల మీద కూర్చోవడం ఎలా మానాలో కూర్చోబెట్టి చెప్పడానికి అరగంట పడుతుంది. చేతికర్ర పట్టుకోమంటే నామోషీ, దానికి ఇంకో పావుగంట. ఆ అరగంట ఎవరి దగ్గర ఉంది?

గుండె డాక్టరు: నా దగ్గర లేదు. బయట హాలు నిండా జనం. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు.

ఫ్యామిలీ డాక్టరు: షుగరు సంగతికి వస్తే మీరూ నేనూ ఒకటే అనుకుంటాను.

గుండె డాక్టరు: ఒకటే. 2008లో అకార్డ్ పరీక్ష ఫలితాలు వచ్చాక గుండె డాక్టరెవరూ పెద్దవాళ్ళ షుగరును బిగించమని అడగరు. మూడు నెలల షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 6 లోపలికి దించాలని పట్టుపట్టిన గుంపులో 257 మంది పోయారు, వదులుగా ఉంచిన గుంపులో 203 మంది. అందుకే ఆ బిగింపు ఆపేశారు. వాళ్ళ సగటు వయసు 62. ఈమెకు 78, కిడ్నీ మూడో వంతుకు దగ్గరగా పనిచేస్తోంది, గ్లిమెపిరైడ్ ప్రభావం అలా నిలిచిపోతుంది. 8 దాకా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఫ్యామిలీ డాక్టరు: ఇంట్లోవాళ్ళకు అది చెప్పి ఒప్పించడం మీరు చూడాలి. కొడుకు అమెరికా నుంచి ఫోన్లో రిపోర్టు చూసి, ‘7.9 ఉంది, మీరేం చూస్తున్నారు’ అంటాడు. ఎక్కువ షుగరు కాగితం మీద కనిపిస్తుంది. తక్కువ షుగరు కనిపించదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, పొద్దున మాత్ర మాత్రం క్రమశిక్షణగా వేసుకుంటారు. నక్షత్రం చూసేదాకా ఏమీ తినరు. సాయంత్రానికి చెమటలు, మాట తడబాటు, ఎదురుగా ఉన్న కోడలిని గుర్తుపట్టరు. పక్షవాతమని ఆటోలో వేసుకొస్తారు. వేలు గుచ్చి చూస్తే 40 ఉంటుంది. ఉపవాసం మానమంటే మానరు. ‘ఉపవాసం రోజు ఈ మాత్ర వద్దు’ అని చీటీ మీద ఎర్ర సిరాతో రాయొచ్చు. నాలుగు చీటీల్లో ఒక్కదాని మీద కూడా ఆ ముక్క లేదు.

గుండె డాక్టరు: నేనైతే గ్లిమెపిరైడ్‌నే తీసి డాపాగ్లిఫ్లోజిన్ పెడతాను. అది గుండె వైఫల్యాన్ని ఆపుతుంది, కిడ్నీ అరిగిపోకుండా కాస్తుంది, ఒంటరిగా వాడితే షుగరును పడగొట్టదు. పేటెంట్ తీరిపోయి ధర కూడా దిగొచ్చింది. మీరు జబ్బులను నాలుగుగా లెక్కపెడుతున్నారు. నాకు అవి ఒకే నాళాల జబ్బుకు నాలుగు ముఖాలు. బీపీ కిడ్నీని చెడగొడుతుంది, చెడిన కిడ్నీ బీపీని పెంచుతుంది, షుగరు రెంటినీ తింటుంది. ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావీ లొంగుతాయి. అందుకే తగ్గించడం కంటే సరైన మందు కలపడం వల్లే ఎక్కువమందికి మేలు జరుగుతుందని నేను నమ్ముతాను.

ఫ్యామిలీ డాక్టరు: మంచి మందే. ఈమెకు గ్లిమెపిరైడ్ బదులు అది పెట్టడానికి నేను సిద్ధం. కానీ అదీ ఒంట్లో నీరు తీసేదే. రోహిణీ కార్తెలో, కరెంటు లేని మధ్యాహ్నం, రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే తగ్గించిన ముసలావిడకు అది ఏం చేస్తుంది? మూత్రం దగ్గర మంట, దురద వస్తే డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడే తరం ఆమెది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మాత్ర, ఆ టెల్మిసార్టన్, ఆ నీటి మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆపాలని ఆమెకు ఎవరు చెప్పాలి? మందు మంచిదవడం చాలదు. దాన్ని కాపు కాసే మనిషి ఉండాలి.

గుండె డాక్టరు: పేషెంటు కోరిక ముఖ్యమని మీరు ఎప్పుడూ అంటారు. నేనూ అడుగుతాను. చాలామంది ‘మీ ఇష్టం బాబూ’ అంటారు. కొంతమంది కొడుకు ముఖం చూస్తారు. గుచ్చి అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట. ‘చావంటే భయం లేదు, మంచాన పడి ఒకరిచేత చేయించుకోకూడదు.’ మేడమ్, మంచాన పడేసేది ఏమిటి? పక్షవాతం. దాన్ని ఆపేది ఏమిటి? నా బీపీ మాత్ర. ఆమె కోరిక నా పక్షాన ఉంది.

ఫ్యామిలీ డాక్టరు: తుంటి ఎముక విరిగినా మంచానే పడుతుంది.

గుండె డాక్టరు: పడుతుంది. కానీ పక్షవాతాలు తగ్గడం పరీక్షల్లో తేలింది. మందు తగ్గిస్తే పడిపోవడాలు తగ్గుతాయన్నది అంత గట్టిగా తేలలేదు. మీరు కోరే పద్ధతినే ఇంగ్లండు, స్కాట్లండుల్లో పెట్టి చూశారు కదా. 3డి పరీక్ష, 2018. మూడు, అంతకు మించి దీర్ఘవ్యాధులున్న 1,546 మంది. విడివిడి చెకప్పులు మాన్పించి, ఒకే చోట అన్నీ కలిపి చూశారు, మందులు సమీక్షించారు, ఏది ముఖ్యమో పేషెంటునే అడిగారు. జీవన నాణ్యతలో తేడా రాలేదు. యూరపులో ఆపరామ్ పరీక్షలో 70 దాటినవాళ్ళ మందులను కంప్యూటర్ సాయంతో జల్లెడ పట్టారు. ఆసుపత్రి చేరికలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మీ మాట వినడానికి ఎంత బాగున్నా, చేసి చూసినప్పుడు ఫలితం అంత బాగా రాలేదు. ఇది మీరు ఒప్పుకోవాలి.

ఫ్యామిలీ డాక్టరు: ఒప్పుకుంటున్నాను. నాకు మింగుడుపడని ఫలితాలే అవి. 3డిలో పేషెంట్లు తమను బాగా చూసుకున్నారని మాత్రం చెప్పారు. దాన్ని నేను చిన్న విషయం అనుకోను. ఇంకొక సంగతి. బ్రిటన్‌లో ప్రతి మనిషికీ అప్పటికే ఒక జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, ఉంటాడు, పాత రికార్డంతా ఆయన దగ్గరే ఉంటుంది. అక్కడ ఉన్నదాన్ని ఇంకాస్త మెరుగుపరచబోయారు. ఇక్కడ ఆ మొదటి మెట్టే లేదు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో వి.ఎస్. నటరాజన్ గారు 1978లో వృద్ధుల కోసం విడిగా ఓపీ తెరిచారు, 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఆ విభాగంలో ఎండీ కోర్సు వచ్చింది. ఇన్నేళ్ళయినా మన జిల్లా ఊళ్ళలో వృద్ధుల వైద్యుడు అంటే ఎవరో జనానికి తెలియదు. ఒక కేసు ఎవరి చేతిలో ఉందో తెలియని చోట, బ్రిటన్‌లో తేడా రాలేదు కనుక ఇక్కడా రాదని అనలేం.

గుండె డాక్టరు: వస్తుందనీ అనలేం.

ఫ్యామిలీ డాక్టరు: అనలేం. డబ్బు ఎటు పోతోందో కూడా చూడండి. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకు వయ వందన కార్డు ఇచ్చారు, ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం. మంచిదే. అయితే ఆసుపత్రిలో చేర్చుకుంటేనే. తుంటి విరిగితే ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది. విరక్కుండా సంచీ విప్పి కూర్చునే ఓపీ అరగంటకు పైసా రాదు. బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ ఊరికి తెచ్చే 104 బండి చాలామందికి దిక్కు. అక్కడ ఇచ్చేవి ఈ సంచీలో చేరిన అయిదో చీటీ.

గుండె డాక్టరు: నాకున్న చిక్కు ఇంకొకటి చెబుతాను. మందు ఆపిన పది రోజులకు గుండెపోటు వస్తే వేళ్ళన్నీ ఆపినవాడి మీదకే లేస్తాయి. మందు వేసుకుని తూలిపడితే ‘కాలు జారింది, ఖర్మ’ అంటారు, మమ్మల్ని ఎవరూ అడగరు. రాయడం మాకు క్షేమం, తీయడం ప్రమాదం. నా చీటీల మీద ఆ భయం కూడా కొంత ఉంటుంది. ఇంకొకరు రాసింది తీయాలంటే మరీ. కిడ్నీ డాక్టరు రాసిన దానిలో నేనెలా వేలు పెడతాను?

ఫ్యామిలీ డాక్టరు: ఆ మాట మీ నోట విందామనే ఈ సంచీ పట్టుకొచ్చాను. మీరు తీయరు, ఆయన తీయరు, షుగర్ డాక్టరు తీయరు. నేను తీస్తే, ‘ఎంబీబీఎస్ ఎండీ మాత్రమే చదివినావిడ, పెద్ద డాక్టరు రాసింది ఆపేసింది’ అని ఇంట్లోవాళ్ళు మళ్ళీ మీ దగ్గరికే పరిగెడతారు. మీరు అదే చీటీ మళ్ళీ కొట్టి ఇస్తారు.

గుండె డాక్టరు: సరే, ఒక్కొక్కటే చూద్దాం. ఒకేసారి నాలుగు తీయడానికి ఒప్పుకోను. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపితే గుండె పరుగెడుతుంది. అల్ప్రాజోలం కూడా ఒక్కరోజులో ఆపకూడదు, వారాల మీద సగం, పావు చేస్తూ రావాలి. అమ్లోడిపిన్ నేను మారుస్తాను, దానితో నీటి మాత్ర అవసరం ఉండదు. గ్లిమెపిరైడ్ తీసేద్దాం, షుగర్ డాక్టరుతో నేను మాట్లాడతాను. ప్రీగాబాలిన్ బీ12 కుదిరాక మీరు తగ్గించండి. గ్యాస్ మాత్ర మాత్రం ఉండాలి. ఆస్పిరిన్ ఉంది, వయసుంది, ఆ నొప్పి మాత్ర పూర్తిగా మానిందని నాకు నమ్మకం లేదు. కడుపులో రక్తం పోతే ఈమె తట్టుకోలేదు.

ఫ్యామిలీ డాక్టరు: గ్యాస్ మాత్ర దగ్గర మీదే సరైన మాట. నేను తీద్దామనుకున్నవాటిలో అదీ ఉంది, ఉంచేస్తాను. ఇక మిగిలింది బీపీ. కూర్చుంటే 138, లేచి నిలబడ్డ రెండో నిమిషంలో 112. ఇరవై పడితేనే లెక్కలోకి తీసుకోవాలి, ఇక్కడ ఇరవై ఆరు పడింది. గోడ పట్టుకుని నిలబడింది. టెల్మిసార్టన్ సగం చేస్తున్నాను.

గుండె డాక్టరు: ముందు నీటి మాత్ర, ప్రీగాబాలిన్ పోనివ్వండి. ఆ తూలడం వాటి వల్లే కావచ్చు. టెల్మిసార్టన్ ఆమె కిడ్నీకి కూడా కాపలా.

ఫ్యామిలీ డాక్టరు: అవి పోవడానికి నెలన్నర పడుతుంది. ఈ నెలన్నరలో ఆమె రాత్రి పూట పెరట్లోకి వెళ్ళాలి.

గుండె డాక్టరు: సగం చేయండి. రెండు వారాల్లో మళ్ళీ చూడండి, కూర్చోబెట్టీ నిలబెట్టీ. 150 దాటితే నేను పూర్తి మోతాదు రాస్తాను.

ఫ్యామిలీ డాక్టరు: 154 ఉండి, గోడ పట్టుకోకుండా నడుస్తూ ఉంటే?

గుండె డాక్టరు: అయినా రాస్తాను. షుగరు, స్టెంట్ ఉన్న మనిషి. 154ను చూస్తూ ఊరుకోలేను.

ఫ్యామిలీ డాక్టరు: నేను తగ్గిస్తాను.

గుండె డాక్టరు: తగ్గించే ముందు ఫోన్ చేయండి. ఇంకో చీటీ రాయకండి, నా చీటీ మీదే కొట్టేసి, ఎందుకు కొట్టేశారో పక్కన రాయండి. మళ్ళీ వచ్చినప్పుడు నాకు కనబడాలి.